చెప్పమాక

ఆ ఏడు మిరప రెండో కోత కళ్ళంలో ఆరబోసి ఉండగా మా మావయ్య ఎడమ కంటికి తెర దిగింది. తెర అన్న మాట ఆయనదే, అదీ వారం పోయాక చెప్పాడు. ఆ పూట మాత్రం ఎవరితోనూ అనలేదు. తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్నవాడల్లా చేతిలో కాయ కింద పెట్టి, కాసేపు కళ్ళు మూసుకుని కూర్చుని, మళ్ళీ ఏరడం మొదలుపెట్టాడు. పక్కనే ఏరుతున్న నేను ఎండకి కునుకు పట్టిందేమో అనుకున్నాను.

మావయ్య పేరు నాగూర్ వలి. ఇంకొల్లు అవతల నల్లరేగడిలో మిరప, పత్తి వేసుకు బతికే దూదేకుల కుటుంబం మాది. ఆయన మాట పొదుపు మనిషి. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నాలుగేళ్ళలో నాతో ఆయన అన్న మాటలన్నీ కలిపినా ఒక పూట కబుర్లకి చాలవు. నీళ్ళు తోడమ్మాయ్, గొడ్డుకి కుడితి పెట్టావా అమ్మాయ్, అంతవరకే. కోపం ఉండి కాదు. మా అత్తమ్మ రహిమున్నీసాతో కూడా అంతే. మీ మావ నోరు తెరిస్తే ఎక్కడ వాన పడుద్దోనని భయం అనేది అత్తమ్మ.

తెర దిగిన వారానికి మాట పడిపోయింది. పొద్దున్నే కళ్ళం మీద కప్పిన పట్టాలు తీస్తూ కొడుకుని, అంటే మా ఆయన సిలార్‌ని, కేకేయబోయాడు. పేరు రాలేదు. నోరు ఆడుతోంది, శబ్దం వస్తోంది, అది పేరు మాత్రం కాదు. కుడిచేతిలో ఉన్న పట్టా అంచు జారి కింద పడింది. మేం పరుగున వెళ్ళి నులకమంచం మీద కూర్చోబెట్టి నీళ్ళు తాగించేసరికి మళ్ళీ మామూలు మనిషైపోయాడు. ఏం లేదులే, పట్టా తీసెయ్యండి, కాయకి చెమ్మ పట్టుద్ది అన్నాడు. అప్పుడు బయటపెట్టాడు కంటి సంగతి.

చీరాల డాక్టరు ఆయన మెడ మీద గొట్టం పెట్టి విని, మొహం మార్చుకుని గుంటూరు పంపాడు. గుంటూరులో స్కాను తీశారు. మెదడుకి రక్తం పట్టుకెళ్ళే రెండు పెద్ద నాళాల్లో ఎడమవైపుది కొవ్వు పేరుకుని దాదాపు పూడుకుపోయింది. అందులోంచి చిన్న చిన్న తునకలు ఊడి పైకి కొట్టుకుపోతున్నాయి. ఒకటి కంటికి పోయింది, ఒకటి మాటకి పోయింది, రెండూ అదృష్టం కొద్దీ కరిగాయి. మూడోది కరక్కపోవచ్చు. మెడ కోసి నాళం శుభ్రం చేసేవాళ్ళు మద్రాసులో ఉన్నారు, ఆలస్యం చెయ్యొద్దన్నారు.

కళ్ళం అత్తమ్మ చెల్లెలి కుటుంబానికి అప్పగించి చీరాలలో నలుగురం రైలెక్కాం. నన్ను వెంటపెట్టుకెళ్ళడానికి ఒకటే కారణం. మా పుట్టిల్లు తడ. మా వీధిలో సగం ఇళ్ళు అరవం వాళ్ళవి, ఆడుకున్నదీ తన్నుకున్నదీ ఆ భాషలోనే. మద్రాసుని చెన్నై అనడం అప్పటికింకా ఎవరికీ అలవాటు కాలేదు కానీ ఆసుపత్రి బోర్డు మీద మాత్రం మార్చేశారు. ఆ బోర్డు కింద నిలబడ్డ నిమిషం నుంచీ మిగతా ముగ్గురికీ నోరూ చెవీ నేనే అయ్యాను. చీటీ రాసే గుమస్తా దగ్గర, రక్తం తీసే కుర్రాడి దగ్గర, డాక్టర్ల దగ్గర, వాళ్ళన్నది వీళ్ళకి, వీళ్ళన్నది వాళ్ళకి. రెండు మూడు రోజులయ్యేసరికి మాట చెవిన పడటమే తడవు, రెండో భాషలో నోట్లోంచి వచ్చేయడం మొదలైంది. మధ్యలో నేనంటూ ఒకదాన్ని ఉన్నట్టే తెలిసేది కాదు.

మెడ కోసే ముందు గుండె చూడాలన్నారు. చూస్తే గుండెకి పోయే దారులు కూడా మూసుకొస్తున్నాయి. మత్తు డాక్టరు భువనేశ్వరి అని, నడివయసావిడ, మమ్మల్ని కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. మెడలో నాళాన్ని శుభ్రం చేయాలంటే కాసేపు దాన్ని బిగించి రక్తం ఆపాలి. ఆ కాసేపూ కుడివైపు నుంచి వచ్చే రక్తమే మెదడుకి దిక్కు. అది చాలినంత రావాలంటే బీపీ పెంచి ఉంచాలి. పెంచితే ఈ గుండె మీద బరువు పడుతుంది. గుండెకి తేలిగ్గా ఉండాలని తగ్గిస్తే మెదడుకి రక్తం చాలదు. పోనీ ముందు గుండె ఆపరేషను చేద్దామా అంటే, ఇలాంటి మెడ పెట్టుకుని అది చేస్తే పక్షవాతం రావచ్చు. ఒకదానికి మంచిది ఇంకోదానికి చెడు.

ఒక్కో వాక్యమూ తెలుగులో చెబుతూ పోయాను. సిలార్ నా మొహంలోకే చూస్తున్నాడు, ఆ మాటలు నేనే పుట్టిస్తున్నట్టు. "అంటే ఏది చేసినా ఏదో ఒకటి పోద్దనా?" అన్నాడు. నేనది అరవంలో అడిగాను. కాదు, రెండూ దక్కించడానికే మేమున్నాం, కాకపోతే మధ్యలో ఉన్న దారి బాగా ఇరుకు అంది ఆవిడ. ముందు మెడ, అది కుదుటపడ్డాక కొన్ని వారాలకి గుండె. అదీ వాళ్ళ నిర్ణయం.

ఇదంతా మావయ్యకి చెప్పొద్దని అత్తమ్మ నా గడ్డం పట్టుకుంది. చెప్పకూడదనే అనుకున్నాను. మధ్యాహ్నం వాళ్ళిద్దరూ అన్నానికి వెళ్ళినప్పుడు ఆయన వార్డు బయట వరండాలో బల్ల మీదకి నన్ను పిలిచాడు. పక్కన కూర్చోమన్నాడు. మావగారి పక్కన కూర్చోవడం నాకదే మొదలు.

"ఏవన్నారమ్మాయ్? దాచకుండా చెప్పు."

ఆ అడిగిన తీరుకి దాచడం నావల్ల కాలేదు. చెప్పాను. ఆయన గేటు దగ్గర పూలమ్మే మనిషిని చూస్తూ విన్నాడు. అంతా విన్నాక అన్నాడు.

"గుండె ఆగితే ఓ పూటలో అయిపోద్ది. మట్టిచ్చి వస్తారు, ఏడుస్తారు, మళ్ళీ కోతకి పోతారు. మాటా చెయ్యీ పడిపోయి, మీ అత్త ముద్ద నోట్లో పెడితే మింగే బతుకు మాత్రం నాకొద్దు. అట్టాంటి తరుణమొస్తే గుండెనొదిలెయ్యమను. తలని కాపాడమను. ఆ డాక్టరమ్మతో నా మాటగా చెప్పు."

చెప్పాను. భువనేశ్వరి డాక్టరు విని, అలా ఒకటి ఎంచుకుని ఇంకోటి వదిలేయడం మా పని కాదమ్మా, రెండింటినీ చూసుకుంటామని ఆయనకి చెప్పు అంది. అదీ చెప్పాను. ఆయన సరేలే అన్నాడు. సరే అన్న మొహం కాదది.

ఆపరేషనుకి ఆయన్ని నిద్రపుచ్చబోవడం లేదన్నారు. మెడకి మాత్రం తిమ్మిరెక్కించి, మెలకువగానే ఉంచి కోస్తారట. మెదడుకి రక్తం చాలుతోందో లేదో ఏ మిషనూ చెప్పనంత బాగా మనిషి మాటే చెబుతుందట. ఆయన మాట్లాడుతూ ఉండాలి, మాట తడబడితే వీళ్ళకి తెలియాలి. తెలుగు వచ్చిన నర్సు పురిటికి వెళ్ళి ఉంది. బయటివాళ్ళని ఎప్పుడూ లోపలికి రానివ్వరు కానీ, తెలిసిన గొంతైతే ఆయనకీ ధైర్యంగా ఉంటుందని పెద్ద డాక్టరు ఒప్పుకున్నాడు. అత్తమ్మకి భాష రాదు. సిలార్ రక్తం చూడలేడు. మిగిలింది నేను.

ఆకుపచ్చ గౌను వేసి, తలకి టోపీ పెట్టి, మూతికి గుడ్డ కట్టి నన్ను ఆయన కుడిపక్కన స్టూలు మీద కూర్చోబెట్టారు. లోపల చలి. ఆయన తల నా వైపు తిప్పి పెట్టి, మెడకి అడ్డంగా గుడ్డ కట్టారు. ఆవల ఏం జరుగుతోందో నాకు కనపడదు, ఆయన మొహమొక్కటే కనిపిస్తోంది. కుడిచేతిలో పిల్లలాడుకునే రబ్బరు బాతు పెట్టారు. అడిగినప్పుడల్లా నొక్కితే కుయ్‌మనాలి.

"ఈ వయసులో నాకు బాతేందమ్మాయ్" అన్నాడు. నవ్వొచ్చింది నాకు. ఆయన కూడా కొంచెం నవ్వాడు.

అవును, కాదు అనే జవాబులు పనికిరావు, ఆలోచించి చెప్పేవి అడగమంది డాక్టరు. ఆ మనిషిని ఏమడగాలో నాకు తెలియదు. ఒక ఇంట్లో ఉంటూ నాలుగేళ్ళలో ఒక్క ప్రశ్న వేసి ఎరగను. చివరికి, మావయ్యా, దూది ఏకడమంటే ఎట్టా ఏకుతారు, నేనెప్పుడూ చూడలేదు అన్నాను. ఇప్పుడెందుకే అది అన్నాడు. తర్వాత నెమ్మదిగా మొదలుపెట్టాడు.

వాళ్ళ నాన్న పెళ్ళిళ్ళ కాలం రాకముందే దూదేకే విల్లు భుజాన వేసుకుని ఊళ్ళమ్మట పోయేవాడట. చిన్నప్పుడు ఈయన వెంట నడిచేవాడు. నరం తాడు మీద గూటంతో కొడుతుంటే వచ్చే మోత వీధి మొదట్లోనే వినపడేదట, ఆడవాళ్ళు పాత పరుపులు తెచ్చి అరుగుల మీద వేసేవాళ్ళట. గట్టిపడి ముద్దలైన దూది ఆ దెబ్బకి విచ్చుకుని మేఘంలా పొంగేదట. ఏకిన దూదిలో పడుకుంటే వాళ్ళమ్మ లేపినా లేచేవాడు కాదట. ఆయన గొంతు అంతసేపు నేనెప్పుడూ వినలేదు. మంచి గొంతు. కథ చెప్పే గొంతు. ఇన్నాళ్ళూ ఎక్కడ పెట్టుకున్నాడో అనిపించింది.

గుడ్డ ఆవల నుంచి పెద్ద డాక్టరు ఏదో అన్నాడు. భువనేశ్వరి డాక్టరు నాకేసి చూసి తలూపింది. బిగించేశారని అర్థం.

"పాత దూది ముందు ఎండలో వెయ్యాల" అంటున్నాడు మావయ్య. "ఎండలో వేసి... వేసి... కర్రతో మిరప... మిరపని..." ఆగాడు. ఎక్కడో దారి తప్పినట్టు కనుబొమలు ముడిచాడు.

మాట తడబడుతోంది అన్నాను. బాతు నొక్కమనండి అన్నారు. నొక్కాడు. గాలి మాత్రం వచ్చింది. డాక్టరు సూది మందేదో ఎక్కించింది, ఆయన తల పక్కనున్న తెర మీద అంకెలు ఎక్కసాగాయి. బాతు కుయ్‌మంది. "ఆ, దూది" అన్నాడు మావయ్య, పోయిన వస్తువు దొరికినట్టు. "దూదిని కర్రతో కొట్టి దుమ్ము దులపాల ముందు."

అమ్మయ్య అనుకునేలోగా ఆయన మళ్ళీ ఆగాడు. ఈసారి మాట తప్పిపోయి కాదు. కళ్ళు నా కళ్ళల్లో పెట్టి, గొంతు తగ్గించి, ఒక్కో మాటా విడివిడిగా అన్నాడు.

"ఎదలో పట్టేసిందమ్మాయ్. రాయెత్తినట్టుంది. ఆళ్ళకి చెప్పమాక."

ఆ గదిలో తెలుగు తెలిసింది మా ఇద్దరికే. చెబితే బీపీ దించుతారని ఆయనకి తెలుసు. దించితే తలకి ఏమవుతుందో నేనే వరండాలో పక్కన కూర్చుని చెప్పాను. నేను ఇటా అటా అని ఆలోచించి చేశానా అంటే, లేదు. ఆయన నోరు మూసేసరికే నా నోట్లోంచి అరవంలో వచ్చేసింది. "ఛాతీలో పట్టేసినట్టుందంటున్నారు. మీకు చెప్పొద్దంటున్నారు."

అందరూ ఒక్కసారి కదిలారు. డాక్టరు ఆయన నాలుక కింద ఏదో మందు కొట్టింది, సూదులు మార్చింది. గొట్టం వేసెయ్యండి అంది పెద్ద డాక్టరుతో. బిగించిన చోటుని దాటించి రక్తం పోవడానికి సన్నటి గొట్టం ఒకటి పెడతారని ముందే చెప్పి ఉన్నారు. మావయ్య నన్నే చూస్తున్నాడు. నా మూతికి గుడ్డ ఉన్నా నేను చెప్పేశానని ఆయనకి తెలిసింది. తర్వాత ఆ చూపులో పదును తగ్గింది. మావయ్యా అని పిలిచాను. పలకలేదు. బాతు నొక్కండి అన్నాను. వేళ్ళు విప్పి ఉన్నాయి, బాతు అరచేతిలో ఊరికే పడి ఉంది. నేను చేయగలిగింది పిలవడమే. పిలుస్తూనే ఉన్నాను.

ఎంతసేపో తెలియదు. గుండె గీత సర్దుకుందని ఎవరో అన్నారు. గొట్టం పని చేస్తోందన్నారు. ఆ తర్వాత బాతు కుయ్‌మంది. ఇంకోసారి, గట్టిగా. గుడ్డ ఆవల పెద్ద డాక్టరు నవ్వడం వినిపించింది. మావయ్య కళ్ళల్లోకి మనిషి తిరిగి వచ్చాడు.

మావయ్యా, ఎట్టా ఉంది అన్నాను.

"చెప్పమాక" అన్నాడు.

కోపం వచ్చిందనుకున్నాను. రావాల్సిందే అనుకున్నాను. దూది సంగతి చెప్పండి అన్నాను. "చెప్పమాక" అన్నాడు, ఎంతో మామూలుగా, ఎండలో వెయ్యాల అన్నట్టే. నీళ్ళు కావాలా అంటే తలూపి, చెప్పమాక. ఏమంటున్నాడని డాక్టరు అడిగింది. నేనామెకి ఆ మాట అర్థం చెప్పాను.

గుండె నిలబడింది. చెయ్యి, కాలు తిరిగొచ్చాయి. మళ్ళీ తీసిన స్కానులో మాట ఉండే చోట ఒక చిన్న మచ్చ కనపడింది. గొట్టం పెట్టేటప్పుడు తునక ఎగిరిందో, రక్తం తగ్గిన ఆ కాసేపట్లో జరిగిందో ఎవరూ చెప్పలేమన్నారు. నేను చెప్పినందుకే ఇలా అయిందా అని అడిగాను. గుండె గీత అప్పటికే మారడం మొదలైంది, నువ్వు చెప్పకపోయినా మాకు తెలిసేది, కాకపోతే ఇంకొంచెం ఆలస్యంగా అంది భువనేశ్వరి డాక్టరు. అది నన్ను ఊరడించడానికో, నిజమో. కొందరికి ఇలా ఒక్క మాటే మిగిలిపోతుందని, చాలాసార్లు అది నోట ఉన్న ఆఖరి మాటే అవుతుందని చెప్పింది. ఎదుటివాళ్ళు అనేదంతా ఆయనకి అర్థమవుతుంది, కానీ తన నోట ఏం వస్తోందో ఆయనకి తెలియదు. నీళ్ళు అనే అనుకుంటాడు, అన్నం అనే అనుకుంటాడు. ఆయన చెవికి అది సరైన మాటే.

మూడో కోత సమయానికి ఇల్లు చేరాం. ఊరంతా వచ్చి చూసింది. మెడ మీద కుట్ల గీత చూసి ముక్కున వేలేసుకున్నారు, కాళ్ళమీద నడుస్తున్నాడు కదా అని సంతోషించారు. నీళ్ళకి చెప్పమాక, ఎడ్లని అదిలించడానికి చెప్పమాక, పట్టా కప్పమని కూలీలని కేకేయడానికీ చెప్పమాక. విచిత్రమేమిటంటే ఇన్నేళ్ళు మాట పొదుపు చేసిన మనిషి ఆ ఒక్క మాటతో పొద్దస్తమానం మాట్లాడేవాడు. సాయంత్రాలు కళ్ళం గట్టున కూర్చుని నాకేదో పొడుగ్గా చెప్పుకొచ్చేవాడు, ఎత్తూ పల్లం వేసి, చేతులు తిప్పుతూ. అది దూది కథలో మిగిలిపోయిన భాగమని చేతులు చూస్తే తెలిసేది. ఊఁ కొట్టేదాన్ని.

పక్క చేను చెంచయ్య మాత్రం వేళాకోళం చేసేవాడు. ఏంది నాగూరూ, యాడన్నా దొంగతనం చేశావా ఏంది, ఊరికే ఏందో దాస్తన్నావ్ అనేవాడు. మావయ్య కూడా నవ్వేవాడు, వేళాకోళం ఎందుకో తెలియకుండానే. అత్తమ్మకి అదేదో పీరు సాయిబు పలికిస్తున్న మాటేమోనని భయం పట్టుకుంది.

ఒకరోజు అందరం తొడిమలు తీస్తూ కూర్చున్నాం. మావయ్య మంచం మీద ఉన్నాడు. అత్తమ్మ ఉన్నట్టుండి, "లోకంలో ఇన్ని మాటలుండగా ఆ మాటే ఎందుకు మిగిలిందే అమ్మాయ్, ఎవరికి ఏం చెప్పొద్దంటున్నాడే" అంది. దాచాలని నేనెప్పుడూ అనుకోలేదు. ఎవరూ అడగలేదు, అంతే. ఉన్నదున్నట్టు చెప్పాను. ఎదలో పట్టేసిందన్నది, వాళ్ళకి చెప్పమాక అన్నది, నేను చెప్పేసింది.

సిలార్ చేతిలో కాయలు అలాగే ఉండిపోయాయి. అత్తమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, నువ్వు చెప్పబట్టే మనిషి మిగిలాడమ్మా అంది. ఆ మాటకి నేను తలెత్తి మంచం వైపు చూశాను. మావయ్య లేచి కూర్చున్నాడు. మొత్తం విన్నాడు. ఏదో అనబోయి నోరు తెరిచాడు. తెరిచినవాడు ఆగాడు. కుడిచేతి వేళ్ళు పెదాల మీద పెట్టుకుని, అక్కడేముందో తడిమి చూసుకుంటున్నట్టు కాసేపు ఉండి, నోరు మూసుకున్నాడు.

అంతే. ఆ తర్వాత ఆయన మాట్లాడలేదు.

అలిగాడనుకున్నారు. పడిన దెబ్బ ముదిరిందేమోనని సిలార్ చీరాల తీసుకెళ్ళి చూపించాడు, కొత్తగా ఏం లేదన్నారు. నాకు తెలుసు ఏం జరిగిందో. తను నీళ్ళడిగినప్పుడూ, ఎడ్లని అదిలించినప్పుడూ, నాకు కథ చెప్పినప్పుడూ తన నోట వచ్చింది ఏమిటో నేను చెబితేనే ఆయనకి తెలిసింది. సాయంత్రం గట్టు మీద ఆయన పక్కన కూర్చుని, మావయ్యా, ఆ మాటే అనండి, ఎవరెట్టా అనుకుంటే మనకేంది, నాకర్థమవుద్ది అని బతిమాలాను. ఆయన నా తల మీద చెయ్యి వేసి ఒకసారి నిమిరి, మిరపకాయలు ఏరడంలో పడిపోయాడు. కోపం లేదు ఆ చేతిలో. కోపం ఉన్నా బాగుండేది. ఆ తర్వాత ఆయన బతికినన్ని రోజులూ, అంటే ఇంకో రెండు మిరప పంటలు, చేత్తో చూపించేవాడు, తలతో చెప్పేవాడు. ఇంట్లోవాళ్ళు అలవాటు పడిపోయారు. మొదటి నుంచీ అంతే కదా అన్నారు.

ఆ ఏడే, ఆఖరి కోత ఎండుతున్న రోజుల్లో గుండె ఆపరేషనుకి రమ్మని ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. సిలార్ బట్టలు సర్దమన్నాడు. మావయ్య వచ్చి సంచీ తీసి మళ్ళీ చిలక్కొయ్యకి తగిలించాడు. సిలార్ దండం పెట్టాడు, అత్తమ్మ కాళ్ళు పట్టుకుంది. మెడ మీద గీత తాకి చూపించి, ఎద తాకి చూపించి, చాలన్నట్టు చెయ్యి ఊపాడు. తర్వాత నా వైపు తిరిగి, టెలిఫోను పట్టుకున్నట్టు గుప్పిట చెవి దగ్గర పెట్టాడు.

ఇంకొల్లు సెంటర్లో ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేశాను. ఆయన రానంటున్నారండీ అన్నాను. అన్నీ అర్థం చేసుకునే అన్నారా అంది భువనేశ్వరి డాక్టరు. అన్నీ అర్థమవుతాయండీ, ఆయన నిర్ణయమే అన్నాను. సరే అంది ఆవిడ. మాట ఎలా ఉంది, ఆ ఒక్కటి కాక ఇంకేమైనా వచ్చాయా అని అడిగింది.

"మాట్లాడటం మానేశారండీ" అన్నాను అరవంలో.

అవతల ఆవిడ మెల్లగా, పిల్లలకి చెప్పినట్టు చెప్పింది. నీ అరవం బాగానే ఉంటుంది షమీమ్, కానీ ఇక్కడ ఆ మాట వాడకూడదమ్మా. మానేశారంటే తనంతట తను ఆపేసుకున్నారని అర్థం వస్తుంది. మాట ఇంకా రాలేదు అనాలి.

బూతు అద్దం అవతల రోడ్డు మీద మిర్చి బస్తాలు ఎత్తిన లారీ ఒకటి గుంటూరు వైపు పోతోంది. అది దాటి, దాని మోత తగ్గేదాకా ఆగాను.

"అవునండీ" అన్నాను. "మాట ఇంకా రాలేదు."